బాపు ఏ షిఫ్టుల ఉన్నడు?

కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. చాయ్ తాగుతూ, "మేడం, మీ సర్వీసులో మరిచిపోలేని స్టూడెంట్ ఎవరు?" అని అడుగుతారు. వాళ్లకు కావలసింది డాక్టరో, పెద్ద ఆఫీసరో అయిన పిల్లల కథ. అటువంటివి నా దగ్గర రెండు మూడున్నాయి. అవే చెప్పి పంపిస్తుంటాను. ఇది మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇది విన్నాక మీకు చాయ్ రుచించదు. అయినా సరే, టీచరు ఉద్యోగమంటే మార్కులు, మెమోలే అనుకునే మీలాంటి వాళ్లకు ఒకసారైనా చెప్పాలి.

నేను బొగ్గు కంపెనీ వాళ్ల సెంటినరీ కాలనీలో ఇంగ్లీషు టీచర్‌గా చేశాను. మావారు బాయిలో ఓవర్‌మన్, అంటే షిఫ్టు పనుల మీద అజమాయిషీ. మా దిక్కున బొగ్గు గనిని బాయి అనే అంటాం, గని అనేది పేపర్ల వాళ్ల మాట. నాకొక గుణముంది. దాన్ని గుణమంటారో జబ్బంటారో మీ ఇష్టం. అబద్ధమంటే పడదు. జ్వరమొచ్చింది టీచర్ అని ఎవడైనా అంటే నుదురు పట్టుకొని చూసేదాన్ని. అమ్మమ్మ చచ్చిపోయిందని సెలవడిగితే, "పోయినేడు చచ్చిపోయిన అమ్మమ్మేనా, ఇంకొక అమ్మమ్మనా?" అనేదాన్ని. పిల్లలు నాకు 'సత్తెం టీచర్' అని పేరు పెట్టుకున్నారు. ఆ సంగతి నాకు తెలియదని వాళ్ల నమ్మకం. నిజం చెప్పాలంటే ఆ పేరు విన్నప్పుడల్లా నాకు లోపల్లోపల గర్వంగానే ఉండేది.

నేను చెప్పబోయే పిల్ల మా బడిలోనే పదో తరగతి దాకా చదివింది. వాళ్ల నాన్న కోల్ ఫిల్లర్. అంటే బొగ్గును చేతులతో తట్టలకెత్తి టబ్బులనే చిన్న వ్యాగన్లలో నింపే పని. తల్లి ఇంటిపట్టునే ఉండేది. ఒక చెల్లెలు. మాదీ వాళ్లదీ ఒకటే చర్చి. పిల్ల గోదావరిఖనిలో డిగ్రీ చేసి ఖాళీగా ఉన్న రోజుల్లో మా చర్చి సభలకు అమెరికా నుంచి ఒక నల్లజాతి పాస్టరు వచ్చాడు. ఆడవాళ్ల కూటంలో ఆయన మాటల్ని తెలుగులోకి మార్చి చెప్పింది ఈ పిల్లే. ఆయన తాను చదువుకున్న యూనివర్సిటీ గురించి ఆమెకు చెప్పాడు. బానిసత్వం పోయిన కొత్తల్లో, ఏ బడీ గడప తొక్కనివ్వని రోజుల్లో, నల్లవాళ్ల పిల్లల కోసం వాళ్ల చర్చివాళ్లే పెట్టుకున్న ప్రైవేటు యూనివర్సిటీ అది. తొలి పిల్లలే మట్టి తొక్కి, ఇటుకలు కాల్చి, గదులు కట్టుకున్నారట. నువ్వు దరఖాస్తు రాయి, నీ గురించి అక్కడ నేను చెప్తాను అని ఆ పాస్టరు మాటిచ్చి వెళ్లాడు. పిల్ల ప్రజారోగ్యం కోర్సుకు దరఖాస్తు పెట్టింది.

దరఖాస్తుతో పాటు తన గురించి ఒక వ్యాసం రాయాలి. రాసి నాకు చూపించింది. కామాలు సరిచేశాను, క్రియలు సరిచేశాను, భేషుగ్గా ఉందన్నాను. నెల తిరక్కముందే అక్కడి నుంచి ఒక ముసలి ప్రొఫెసరమ్మ జవాబు రాసింది. అంతా బాగుంది గానీ, మీ నాన్న రోజూ బావిలోకి దిగుతాడని రాశావు, ఆ బావిలో ఏం తోడుతాడు అని అడిగింది. ఆ పిల్ల బాయిని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి మార్చి, నీళ్ల బావికి వాడే మాట రాసింది. ఇంతకాలం ఇంగ్లీషు చెప్పిన నాకైనా తట్టొద్దా? తట్టలేదు. మాకు బాయి అంటే బాయే మరి! ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం. బొగ్గు తోడుతాడని పిల్ల రాసి పంపింది. మా నాన్న కూడా బొగ్గు తవ్వినవాడే, మాది దక్షిణాన గనుల ఊరు అని ఆ ప్రొఫెసరమ్మ మళ్లీ రాసింది. సీటొచ్చింది, దాంతోపాటు స్కాలర్‌షిప్పూ వచ్చింది.

ఇక కాలనీ ఊరుకుంటుందా? 'నల్లోళ్ల యూనివర్సిటీ' అని పేరు పెట్టేశారు. "గంత దూరం పోయి నల్లోళ్ల కాలేజీలనా? తెల్లోళ్ల దాంట్ల సీటు దొరకలేదా?" అని ఒకరు. "గక్కడ కొట్లాటలుంటయట, ఆడపిల్లను పంపుతరా?" అని ఇంకొకరు. ఇన్నిన్ని సలహాలిచ్చిన వాళ్లలో ఒక్కరు కూడా హైదరాబాదు దాటి పోయినవాళ్లు కాదు.

వాళ్ల నాన్న ఒక పొద్దున ఫస్ట్ షిఫ్టు మానుకొని మా ఇంటికొచ్చాడు. చెప్పులు బయట విడిచి గడప దగ్గరే కూచున్నాడు. లోపలికి రా అంటే రాడు.

"టీచరమ్మా, మీరైతే అబద్ధం చెప్పరు. గది మంచి బడేనా?"

నాకు నేను చదువుకున్న మిషన్ బోర్డింగు బడి గుర్తొచ్చింది. ఊళ్లో వాళ్లు ఆ బడిని మా కులం పేరు పెట్టి, ఫలానోళ్ల బడి అని పిలిచేవాళ్లు. అన్నం పెట్టి, అక్షరం నేర్పి, నన్ను మనిషిని చేసిన బడి. అయినా ఎక్కడ చదివావమ్మా అని ఎవరైనా అడిగితే ఊరి పేరు చెప్పి ఊరుకునేదాన్ని. బడి పేరు మింగేసేదాన్ని. అడగనిది చెప్పకపోవడం అబద్ధం కాదని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. ఆ రోజు మాత్రం ఆయనకు నా బడి సంగతీ, ఆ యూనివర్సిటీ పుట్టిన సంగతీ మొత్తం చెప్పాను.

ఆయన అంతా విని, "అంటే ఎవలూ రానియ్యనోళ్లు కట్టుకున్న బడన్నట్టు. గసొంటి బడిల నా బిడ్డను ఎవలన్న తక్కువ జూస్తరా?" అన్నాడు.

"చూడరనే అనుకుంట."

"గంతే చాలు టీచరమ్మా. నల్లోళ్లు, నల్లోళ్లు అంటున్నరు గని, బాయిల కెల్లి పైకెక్కినంక మేమందరం నల్లోళ్లమే. మా ఇంటిది సుత నన్ను గుర్తుపట్టది." అని నవ్వి లేచాడు.

పిల్ల వెళ్లింది. ఆదివారం ఆదివారం ఇంటికి ఫోను చేసేది, నెలకోసారి నాకు. మొదటి ఫోనులోనే గొంతు మారిపోయి ఉంది.

"టీచర్, ఇక్కడ మొదటి రోజు క్లాసుల ఒక్కొక్కరే లేచి, మీ ఇంట్ల కాలేజీ మెట్టెక్కిన మొదటి మనిషి ఎవరో చెప్పాలె. ఒకామె వాళ్ల తాత అన్నది. ఒకాయన వాళ్లమ్మ అన్నడు. నేను లేచి, నేనే అన్న. అందరు సప్పట్లు కొట్టిన్రు టీచర్. మన దగ్గర బాపు ఏం పని చేస్తడని అడిగితె కంపెనీల అని చెప్పి తప్పించుకునేదాన్ని. ఇక్కడ బొగ్గు ఎత్తుతడని చెప్పిన."

కాలేజీ మెట్ల పక్క గోడ నిండా తొలినాటి పిల్లల పాత ఫోటోలున్నాయంది. గట్టి కాలర్లు, బిగబట్టిన మొహాలు, పొలం నుంచి నేరుగా వచ్చి కూచున్నట్టుండే చేతులు. గదిలో తోడుండే అమ్మాయి వాళ్ల అమ్మమ్మ పండుగకు ఇంటికి పిలిచి, బక్కగున్నావని తిట్టి తిట్టి అన్నం పెట్టిందట. క్లాసు క్లాసంతా ఈ పిల్ల పేరు తిన్నగా పలకడం నేర్చుకున్నారు. ఆ ప్రొఫెసరమ్మ తన పరిశోధనలోనే పనికి పెట్టుకుంది. బొగ్గుదుమ్ము ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందనేది పిల్ల చదువు. చదువు ముగించుకొని మన కంపెనీ దవాఖానలకే వస్త టీచర్, బాయి పనోళ్ల దగ్గు సంగతి చూస్త అనేది. అక్కడి తెలుగువాళ్ల కూటానికి పోతే, ఏ యూనివర్సిటీ అని అడిగి, పేరు వినగానే మొహమొహాలు చూసుకొని నవ్వారట. "నవ్వనియ్యున్రి టీచర్, వాళ్లకేం తెలుసు?" అంది. నాకు గుండె నిండింది. నా బడి పేరు నేనెన్నడూ అలా చెప్పుకోలేకపోయాను.

ఆఖరి సెమిస్టరు నడుస్తోంది. శివరాత్రి పోయి ఎండలు ముదురుతున్న రోజులు. వాళ్ల నాన్న చుట్టాల ఇంట్లో దినాలకని మోటారు సైకిలు మీద బసంత్‌నగర్ పోయాడు. తిరిగి వస్తుంటే సిమెంటు లారీ గుద్దింది. అక్కడికక్కడే ప్రాణం పోయింది. జన్మంతా బాయిలో బతికి బయటపడ్డ మనిషి నడిరోడ్డు మీద, పట్టపగలు పోయాడు. ఏమనాలి దీన్ని? నాకు దేవుడి మీద కూడా కోపమొచ్చింది.

సమాధుల తోట నుంచి ఇంటికి వచ్చి, కాళ్లు చేతులు కడుక్కొని అందరూ కూచున్నారు. అక్కడ మొదలైంది అసలు పంచాయతీ. పిల్లకు చెప్పాలా వద్దా? మీకు మన పద్ధతి తెలియంది కాదు. పరీక్షలున్న పిల్లలకు చావు కబురు చెప్పరు. తాతైనా, తండ్రైనా, పరీక్షలయ్యాకే. పాస్టరు గారు అదే మాటన్నారు, యూనియన్ నాయకుడూ అదే అన్నాడు, మా ఆయనా అదే. ఇంకో రెండు నెలలు ఆగితే పిల్ల పట్టా చేతికొస్తుంది, ఇప్పుడు చెప్తే ఉరికొస్తుంది, వచ్చి ఏం చేస్తుంది, మట్టి కూడా అయిపాయె!

నేనొక్కదాన్నే కాదన్నాను. "అది చంటిపిల్లనా? తండ్రి పోయిన సంగతి బిడ్డకు తెలియకపోవుడేంది?"

తల్లి అప్పటిదాకా గోడకు ఒరిగి ఉంది. లేచొచ్చి నా రెండు చేతులు పట్టుకుంది. "టీచరమ్మా, నీ కాళ్లు మొక్కుత. దాని సదువు కోసం ఆయన సచ్చేదాక రెక్కలు ముక్కలు చేసుకున్నడు. నడుమ ఆగితె ఆయన మల్ల సచ్చినట్టే. పరీక్షలు గానియ్యి. అయినంక ముందుగాల నేనే చెప్త."

"నాయంతల నేను చెప్పను. కానీ అది నన్నే అడిగితే మాత్రం అబద్ధమాడను." అన్నాను.

ఆమెకు మొదటి సగమే వినపడిందనుకుంటాను. తలూపింది.

అబద్ధం చెప్పడం మా కాలనీలో ఎంత తేలికో అప్పుడు తెలిసింది. ఫోనులో బాపేడి అంటే, డ్యూటీకి పోయిండు. మళ్లీ చేస్తే, నైట్ షిఫ్టు చేసొచ్చి పండుకున్నడు, లేపమంటవా? లేపొద్దు తియ్యి, పండుకోనీ. మూడు షిఫ్టులున్న ఊళ్లో మనిషిని దాచిపెట్టడం ఎంతసేపు? ఇంటింటికీ ఎవరో ఒకరు నిద్రలో ఉంటారు, ఎవరో ఒకరు బాయిలో ఉంటారు. కానీ ఈ అబద్ధానికి ఒక చిక్కుంది. షిఫ్టు వారానికోసారి మారుతుంది. ఏ వారం ఏ షిఫ్టో బాయి పనోళ్ల పిల్లలకు ఎక్కాల్లాగా నోటికి వస్తుంది. తల్లేమో ఏడుపు దిగమింగుకుంటూ నోటికొచ్చిన షిఫ్టు చెప్పేది. చెల్లెలికి ఇంకేదో తోచేది.

ఆ పొద్దున బడిలో ప్రార్థన గంట కొట్టారు. పిల్లలు వరసలు కడుతున్నారు. నా సెల్ మోగింది. వరండా చివరకు పోయి ఎత్తాను.

"టీచర్, మంచిగున్నరా?"

"మంచిగున్న బిడ్డా. పరీక్షలెట్ల చదువుతున్నవ్?"

"చదువుతున్న టీచర్." తర్వాత చాలా నిదానంగా అడిగింది. "అమ్మేమో బాపు నైట్ షిఫ్టు అంటది. చెల్లె ఫస్ట్ షిఫ్టు అంటది. నా లెక్క ప్రకారమైతె ఈ వారం సెకండ్ షిఫ్టు ఉండాలె. మీరు చెప్పున్రి టీచర్. బాపు ఏ షిఫ్టుల ఉన్నడు?"

వరండా ముందు పిల్లలు కళ్లు మూసుకొని ప్రార్థన పాడుతున్నారు. నా మనసులో తల్లి చేతులున్నాయి, నేనన్న మాటా ఉంది. ఇన్నేళ్లు పిల్లల చెవులు మెలిపెట్టి నేర్పిన పాఠమూ ఉంది. అడిగింది. నన్నే అడిగింది. మీరు చెప్పున్రి అని మరీ అడిగింది.

"బిడ్డా, నువ్వు కూసోని ఉన్నవా? మీ బాపు లేడు బిడ్డా. రోడ్డు మీద లారీ గుద్దింది. దినాలు కూడ అయిపోయినయ్." అన్నాను.

అటువైపు నుంచి ఏడుపు వినపడలేదు. అరుపు లేదు. ఎప్పుడు, ఎక్కడ అని కూడా అడగలేదు. "సరే టీచర్." అంది. ఫోను పెట్టేసింది. నేను క్లాసుకు పోయి పాఠం చెప్పాను. ఏం చెప్పానో నాకే తెలియదు.

అక్కడి పిల్లలు, చర్చి పాటల గుంపువాళ్లు తలా కొంత వేసుకొని టికెట్టు కొన్నారట. వారంలోపే పిల్ల కాలనీ బస్టాపులో దిగింది. వాళ్లింటికి పోయిన నన్ను చూడగానే తల్లి గుండెలు బాదుకుంది. "సంపితివి గద టీచరమ్మా! ఆయన సగం సంపిపోతె నువ్వు పూరా సంపితివి!" ఆ తర్వాత ఆమె చర్చిలో నాకు దూరంగా వేరే వరుసలో కూచునేది. ఇప్పటికీ అంతే.

పిల్ల పరీక్షలకు తిరిగి పోతుందనే నేననుకున్నాను. ఏడ్చి, సమాధి చూసి, తల్లికి ధైర్యం చెప్పి పోతుందని. పోలేదు. తల్లి మంచమెక్కింది. చెల్లెలు ఇంటరు. క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఆయన బదులు ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇప్పిస్తామన్నారు. తల్లికి ఒంట్లో శక్తి లేదు, చెల్లెలికి వయసు చాలదు. మిగిలింది పిల్లే. కంపెనీలో ఆమెకు ఆ ఉద్యోగం కూడా చానా రోజులు తిరిగాకే వచ్చింది. చేరాక వదిలిపెట్టి పోతే ఉద్యోగం పోతుంది, దాంతోపాటు క్వార్టరూ పోతుంది. అక్కడి ప్రొఫెసరమ్మ రెండేళ్లు సీటు ఆపి పెట్టింది. ఎప్పుడొచ్చినా చేర్చుకుంటామని రాస్తూనే ఉండేది. ఆమె రిటైరయ్యాక ఆ రాయడం కూడా ఆగిపోయింది. ఒక్క సెమిస్టరు. ఒక్కటంటే ఒక్కటే.

మా ఆయన ఇప్పటికీ అంటాడు. "గా రెండు నెలలు నోరు మూసుకుంటె నీ సొమ్మేం పోతుండె?" నేను ఊరుకునేదాన్ని కాదు. "తండ్రి బతికున్నడని నమ్ముకుంట పరీక్షలు రాయాల్నా? పట్టా పట్టుకొని వచ్చి, బాపు చూడు అనాల్నా? రేపు నన్ను నిలదీసి అడిగితె మొహం ఎక్కడ పెట్టుకోవాలె?" అని పోట్లాడేదాన్ని. వాదంలో ఆయన నన్నెప్పుడూ గెలవలేదు. నేను చేసింది ధర్మమేనా అని నాకు అప్పట్లో అనుమానం ఉండేది కాదు. తల్లికి కోపముండవచ్చు, కాలనీకి ఉండవచ్చు. పిల్లకు మాత్రం ఉండదని నా ధైర్యం. నన్ను నమ్మే కదా నన్నడిగింది!

తెలంగాణ వచ్చిన కొత్తల్లో నేను రిటైరయ్యాను. బీపీ గోలీల కోసం కంపెనీ దవాఖానకు పోవడం మొదలైంది. పిల్ల అక్కడే పని చేస్తుంది. ఓపీ కౌంటర్లో కూచొని చీటీలు రాస్తుంది. వయసు మీదపడ్డ బాయి పనోళ్లు దగ్గుతూ ఆమె ముందు వరస కడతారు. ఏ సెక్షన్ల చేసినవ్ కాకా, దగ్గు ఎన్నొద్దుల సంది, తెమడ నల్లగ పడుతుందా అని ఓపిగ్గా అడుగుతుంది. అవన్నీ చీటీ రాసే మనిషి అడగాల్సిన ప్రశ్నలు కావు. వెనకున్న వాళ్లు జల్దీ కానియ్యమ్మా అని విసుక్కుంటారు.

ఒకరోజు రద్దీ తగ్గాక నన్ను బయట బెంచీ మీద కూచోబెట్టి చాయ్ తెప్పించింది. ఆ మాట ఈ మాట అయ్యాక, ఇన్నేళ్లుగా ఎవరితో పోట్లాడినా తెగని ముచ్చటను నేనే కదిపాను. ఏం వినాలని కదిపానో మీకు అర్థమయ్యే ఉంటుంది.

"బిడ్డా, ఆ రోజు నేను నీకు నిజం చెప్పుడు మంచిదే అయింది గదా?"

పిల్ల చాయ్ కప్పు రెండు చేతుల్తో పట్టుకొని నేల చూసింది.

"నాకు ముందే తెలుసు టీచర్."

"ఏంది బిడ్డా?"

"బాపు సంగతి. మన జిల్లా పేపర్ నెట్ల వస్తది గదా, రోజు చదివేదాన్ని. తెల్లారే చూసిన. పేరుంది, కాలనీ పేరుంది. మీకు ఫోన్ చేసేటాల్లకు మూడు వారాలైంది. అమ్మ నైట్ షిఫ్టు అంటె సరే అన్న. పండుకున్నడు అంటె లేపకు అన్న. నాకు తెలుసని అమ్మకు తెలిస్తె ఇంక నేను అక్కడ ఉండొద్దు. రావాలె. రాకుంట ఏ ఆడపిల్ల ఉంటది? తెల్వనట్టుంటె పరీక్షలు రాసుకోవచ్చు. కని లోపల ఆగుత లేదు. పుస్తకం తెరిస్తె బాపే. అమ్మ చెప్పేది అబద్ధమని ఎరుకైనంక దాన్ని పట్టుకొని ఎట్ల నిలబడను? మీరైతె అబద్ధం చెప్పరు గదా. మీ నోటితోని వినుంటె, అబద్ధమైన సరే నమ్మేదాన్ని. రెండు నెలలు నమ్మేదాన్ని. అందుకే మీకు చేసిన."

కౌంటర్ దగ్గర ఎవరో దగ్గుతూ, చీటీ రాసే అమ్మాయి ఏదీ అని అడుగుతున్నారు. పిల్ల లేచి నిలబడింది. కోపం లేదు ఆ మొహంలో. కోపమైనా ఉంటే బాగుండేది.

"ఏదన్న ఒక షిఫ్టు చెప్తరనుకున్న టీచర్." అంది.